టీసీ చేతిలో పెట్టే ముందు

(హైస్కూలు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఇలాంటి సమావేశాల్లో మనం ఎప్పుడూ ర్యాంకుల గురించి, రిజల్ట్ గురించి మాట్లాడుకుంటాం. నేను ఈ రోజు వేరే పిల్లల గురించి మాట్లాడతాను. స్టాఫ్‌రూమ్‌లో పేరు ఎత్తితేనే అందరూ తలలు పట్టుకునే పిల్లలు. "సార్, వీడు క్లాసులో ఉంటే నేను పాఠం చెప్పలేను" అని మేడమ్స్ వచ్చి ఏడ్చేంత పని చేసే పిల్లలు. వాళ్లని మనం ఏం చేస్తున్నాం? తండ్రిని పిలిపిస్తున్నాం, ఆఫీసులో నిలబెడుతున్నాం, చివరికి టీసీ చేతిలో పెట్టి పంపిస్తున్నాం. పంపించాక ఆ పిల్లవాడు ఎక్కడికి వెళ్లాడో మనలో ఎంతమందికి తెలుసు?

మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఏ స్కూలూ "ఈ విద్యార్థిని తొలగించాం" అని కాగితం మీద రాయదు. తండ్రి చేతే అర్జీ రాయిస్తారు. సొంత కారణాల వల్ల మా అబ్బాయిని వేరే పాఠశాలలో చేర్చదలచాను, కావున టీసీ ఇప్పించగలరు. ఆయన సంతకం చేస్తాడు, చదువు రాకపోతే వేలిముద్ర వేస్తాడు. అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి కోరిక మీద టీసీ ఇచ్చినట్టే ఉంటుంది. అంటే రికార్డు ప్రకారం మన రాష్ట్రాల్లో స్కూలు నుంచి గెంటేయబడిన పిల్లవాడు దాదాపు ఎవడూ లేడు! లేని పిల్లవాడికి వేరే బడి పెట్టమని ఎవరు అడుగుతారు, ఎవరు డబ్బు ఇస్తారు? నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఈ అర్జీయే. మనం తీసేస్తున్నాం అనే మాటకి సంతకం మనం పెట్టం, కూలికి వెళ్లే ఆ తండ్రి చేత పెట్టిస్తాం.

ఎందుకు పంపిస్తారు అంటే కారణాలు రకరకాలు. కొట్లాటలు, స్కూలు గోడ దూకడం, గుట్కా, ఈ మధ్య గంజాయి కూడా. ఫోను తేవడం. టీచర్‌ని ఎదిరించి మాట్లాడటం. ఆడపిల్ల అయితే పుస్తకంలో ఒక ఉత్తరం దొరికిందనో, ఇన్‌స్టాలో ఎవరితోనో మాట్లాడిందనో. ఇవి కాక ఇంకొకటి ఉంది, దాన్ని క్రమశిక్షణ అని పిలుస్తారు గానీ అది క్రమశిక్షణ కాదు. తొమ్మిదో తరగతి అయ్యేసరికి కొన్ని ప్రైవేటు స్కూళ్లు లెక్క వేసుకుంటాయి, టెన్త్ నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, ఈ పేరు ఉంటే మనకి నూటికి నూరు శాతం రాదు అని. అప్పటిదాకా ఆరేళ్లో ఏడేళ్లో ఫీజు కట్టించుకున్న పిల్లవాడు ఒక్కసారిగా అల్లరివాడు అయిపోతాడు. చిన్న తప్పు చాలు. "మీవాడిని ఓపెన్‌లో కట్టించండి, లేదా గవర్నమెంట్ స్కూల్లో వేయండి" అంటారు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్షల ముందు కొన్ని స్కూళ్లు ఇలాగే బలహీనమైన పిల్లల పేర్లు మెల్లగా తీయించేస్తుంటే, అక్కడి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ దాన్ని తప్పుగా గుర్తించి తనిఖీల్లో అడగడం మొదలుపెట్టింది. మన దగ్గర తనిఖీకి వచ్చినవాళ్లు "తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, పదిలో ఎంతమంది ఉన్నారు, మధ్యలో పోయినవాళ్లు ఎక్కడ" అని అడగడం నేను నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

చట్టం ఏమంటోంది అని అడుగుతారు. 2009 విద్యా హక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ చూడండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ స్కూలు నుంచి తీసేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ని సవరించారు, ఐదులో, ఎనిమిదిలో పరీక్ష పెట్టి అవసరమైతే అదే తరగతిలో ఉంచొచ్చు అన్నారు. దాంతో చాలామంది ఆ సెక్షనే పోయిందనుకుంటున్నారు. పోలేదండి. ఫెయిల్ చేయొచ్చు గానీ తీసేయకూడదు అన్న మాట అలాగే ఉంది. 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. అసెంబ్లీలో నిలబెట్టి "రేపటి నుంచి రావద్దు" అనడం వేధింపు కాకపోతే మరేమిటి?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఆ రక్షణ ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పిల్లవాడికి మీసం మొలుస్తున్న వయసు, గొంతు మారుతున్న వయసు, ఇంట్లో తండ్రి మీద తిరగబడే వయసు, స్నేహితుడి మాటే వేదం అనిపించే వయసు, అంటే పెద్దవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన వయసు సరిగ్గా తొమ్మిదో తరగతిలో వస్తుంది, చట్టం సరిగ్గా అక్కడ చేయి వదిలేస్తుంది. సెకండరీ విద్యకి కూడా ఆ ఒక్క వాక్యం వర్తింపజేయాలని నేను ఎక్కడ మైకు దొరికినా అడుగుతూనే ఉంటాను.

సరే, టీసీ తీసుకున్న పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడు? ఇక్కడున్న టీచర్లకి తెలుసు, యూడైస్ ప్లస్‌లో, అంటే స్కూళ్ల, విద్యార్థుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్‌లో, డ్రాప్‌బాక్స్ అని ఒకటి ఉంటుంది. మనం పిల్లవాడిని మన స్కూలు నుంచి తీసేసినట్టు ఎంట్రీ చేస్తే ఆ పేరు డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తుంది. ఇంకో స్కూలు వాళ్లు పెన్ నంబర్, అంటే పిల్లవాడికి ఇచ్చిన శాశ్వత విద్యా సంఖ్య, కొట్టి లాక్కుంటే అక్కడి నుంచి బయటికి వస్తుంది. ఎవరూ లాక్కోకపోతే? అక్కడే ఉంటుంది. అంటే ప్రభుత్వానికి ఆ పిల్లవాడి పేరు తెలుసు, పుట్టిన తేదీ తెలుసు, ఏ ఊరో, ఆఖరుగా ఏ తరగతిలో ఉన్నాడో తెలుసు. ఇంత తెలిసి కూడా ఆ జాబితా పట్టుకుని ఇంటికి వెళ్లేవాళ్లు ఎంతమంది? కొంతమంది సీఆర్పీలు, అంటే కొన్ని స్కూళ్లని కలిపి చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, వెళ్తారు, ఎండలో తిరిగి తిరిగి కనుక్కుంటారు, వాళ్లకి నా నమస్కారం. కానీ చాలా మండలాల్లో అది సంవత్సరానికి ఒకసారి పోర్టల్‌లో "వలస వెళ్లారు" అని రాసి ముగించే పని అయిపోయింది.

మగపిల్లలైతే మెకానిక్ షెడ్డు, సెంట్రింగ్ పని, క్యాటరింగ్, కోళ్ల ఫారం. బడి వేళల తర్వాత సొంత ఇంటి పనిలో సాయం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని బాల కార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ చెప్తోంది. పద్నాలుగు నిండితే పద్దెనిమిది దాకా ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషిద్ధం. మళ్లీ అదే తొమ్మిదో తరగతి వయసు, చూశారా. చదువు రక్షణ ఆగే చోటే పనికి తలుపు తెరుచుకుంటోంది.

ఆడపిల్లల సంగతి ఇంకా దారుణం, దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మగపిల్లవాడు టీసీతో ఇంటికి వస్తే నాలుగు దెబ్బలు పడతాయి, వారం తర్వాత ఏదో పనికి పోతాడు. ఆడపిల్ల టీసీతో ఇంటికి వస్తే ఆ సాయంత్రమే మేనమామకి ఫోను వెళ్తుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయి బ్యాగులో ఫోను దొరికింది. అందులో ఒక అబ్బాయితో మెసేజీలు ఉన్నాయి, అంతే, ఇంకేమీ లేదు. పక్కనున్న ప్రైవేటు స్కూలు వాళ్లు "మిగతా ఆడపిల్లలు చెడిపోతారు" అని తండ్రిని పిలిచి టీసీ ఇచ్చేశారు. వేసవి దాటకముందే ఆ పిల్లకి పెళ్లి చేశారు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లి నేరం, కానీ ఆ నేరానికి ముహూర్తం పెట్టింది ఇంట్లోవాళ్లు ఒక్కరే కాదు కదా. ఆ స్కూలు యాజమాన్యం ఆ పిల్లకి మంచో చెడో చేసిందని ఈ రోజుకీ అనుకోదు, వాళ్ల దృష్టిలో ఒక సమస్య గేటు దాటి బయటికి వెళ్లిపోయింది. కాబట్టి ఇక్కడున్న హెడ్మాస్టర్లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను, ఆడపిల్లకి టీసీ ఇచ్చే పరిస్థితి వస్తే ముందు కస్తూర్బా విద్యాలయానికి ఫోను చేయండి. 2004 నుంచి ఉన్న వ్యవస్థ అది, బడి మానేసిన ఆడపిల్లల కోసమే పెట్టారు, ఇప్పుడు చాలా చోట్ల ఇంటర్ దాకా ఉంది. సీటు ఉందో లేదో కనుక్కుని, పిల్లని అక్కడ చేర్పించాకే కాగితం ఇవ్వండి.

ఇప్పుడు వేరే దారులు ఏమున్నాయి అనే సంగతికి వస్తాను.

అందరూ మొదట చెప్పేది ఓపెన్ టెన్త్. దాని మీద నాకు గౌరవం ఉంది, ముందే చెప్తున్నాను. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ పెట్టారు, ఇప్పుడు రెండు రాష్ట్రాలకీ వేరువేరుగా ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే చాలు, మధ్యలో చదువు ఆగిపోయినా నేరుగా టెన్త్‌లో చేరొచ్చు. అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకునే అవకాశం ఇస్తారు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. సర్టిఫికెట్ మామూలు టెన్త్‌తో సమానం. పెళ్లయిన అమ్మాయిలు, అంగన్‌వాడీ ఆయాలు, డ్రైవర్లు, ఇలా ఎంతమందికి అది జీవితం ఇచ్చిందో నేను కళ్లారా చూశాను.

కానీ వాళ్లు పెద్దవాళ్లు. చదవాలని వాళ్లే నిర్ణయించుకుని వచ్చినవాళ్లు. పద్నాలుగేళ్ల పిల్లవాడు, అందులోనూ నిన్ననే స్కూలు నుంచి గెంటించుకున్నవాడు, చేతికి పుస్తకాలు ఇచ్చి ఆదివారం ఆదివారం క్లాసుకి రా అంటే వస్తాడా? వారంలో మిగతా ఆరు రోజులు ఎక్కడ ఉంటాడు? వాడికి కావాల్సింది పొద్దున తొమ్మిదికి వెళ్లడానికి ఒక చోటు, రాకపోతే ఏమైందని అడిగే ఒక మనిషి. ఓపెన్ స్కూల్‌లో అది లేదు, ఉండాలని దాన్ని పెట్టలేదు కూడా. దాన్ని తప్పు పట్టను, కానీ తొమ్మిదో తరగతి పిల్లవాడిని వదిలించుకోవడానికి ఓపెన్ టెన్త్ పేరు వాడుకోవడాన్ని తప్పు పడతాను. ఇంకో మాట, కొన్ని సెంటర్లలో "మీరు డబ్బు కట్టండి, పాస్ మేం చూసుకుంటాం" అనేవాళ్లు తగులుతారు. అలాంటి చోటికి పిల్లవాడిని పంపితే వాడు టెన్త్ నేర్చుకోడు, మోసం నేర్చుకుంటాడు.

మరి రోజూ వెళ్లే చోటు ఎలా ఉండాలి? దీనికి మనం ఎక్కడికో పోయి నేర్చుకోనక్కర్లేదు. రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని ఉంది. శాంతా సిన్హా గారు, వాళ్ల కార్యకర్తలు జీతగాళ్లుగా పశువులు కాస్తున్న పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేస్తున్న ఆడపిల్లల్ని తీసుకొచ్చి శిబిరాల్లో పెట్టారు. బ్రిడ్జి కోర్సు అన్నారు. ఎప్పుడూ బడి ముఖం చూడని పదేళ్ల పన్నెండేళ్ల పిల్లల్ని ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతారు, అందుకని శిబిరంలో కొన్నాళ్లు పాటలు, ఆటలు, అక్షరాలు, లెక్కలు నేర్పించి వయసుకి తగ్గ తరగతిలో చేర్చారు. 2003లో ఆవిడకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్‌లో ప్రత్యేక శిక్షణ అని ఉంది చూడండి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి, అందుకోవడానికి శిక్షణ ఇవ్వాలి, పద్నాలుగేళ్లు దాటినా ఆ చదువు పూర్తయ్యేదాకా ఉచితంగా చెప్పాలి అని, దాని వెనకాల ఇలాంటి పనుల అనుభవం ఉంది.

ఆ శిబిరాలు పని నుంచి వచ్చిన పిల్లల కోసం. బడి నుంచి వెళ్లగొట్టిన పిల్లవాడి మనసు వేరు, నిజమే, వాడికి బడి అంటే కసి ఉంటుంది. కానీ అక్కడ నుంచి నేను తీసుకున్నది ఒకటే, పిల్లవాడు ఉన్న చోటు నుంచి మొదలుపెట్టడం. మా దగ్గర మండల కేంద్రంలో ప్రత్యేక శిక్షణ కేంద్రం నడిచిన రోజుల్లో నేను సాయంత్రాలు వెళ్లేవాడిని. రౌడీ అని పేరు పడి వచ్చిన పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి చదివిస్తే చాలామందికి తెలుగు వాచకం చదవడం రాదు. అక్షరాలు కూడబలుక్కుంటారు, ఒత్తు వచ్చిన చోట ఆగిపోతారు. అలాంటివాడికి మనం తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చెప్తున్నాం, రోజుకి ఆరు గంటలు, సంవత్సరాల తరబడి. ఏమీ అర్థం కాని చోట ఆరు గంటలు కదలకుండా మెదలకుండా కూర్చోమంటే మీరు కూర్చుంటారా? వాడు చదవమన్నప్పుడల్లా ఏదో ఒక గొడవ చేసి బయటికి పోతాడు, ఎందుకంటే తోటి పిల్లల ముందు చదవడం రాదని తెలియడం కన్నా బయట నిలబడటం వాడికి నయం. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2023లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లని అడిగితే నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేకపోయారు. దేశవ్యాప్తంగా ఎంచుకున్న జిల్లాల లెక్క అది. మన వెనక బెంచీలు ఎవరితో నిండి ఉన్నాయో దాన్నిబట్టి ఊహించుకోండి.

అందుకే నా గట్టి అభిప్రాయం, టీసీ దాకా వచ్చిన ప్రతి పిల్లవాడికీ ముందు చేయాల్సింది కౌన్సెలింగ్ కూడా కాదు, ఒక పేజీ చదివించి చూడటం. పక్కన ఎవరూ లేకుండా. ఆ తర్వాత కళ్లు కనపడుతున్నాయో లేదో, చెవులు వినపడుతున్నాయో లేదో చూపించడం. ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోవడం. తండ్రి తాగి కొడితే రాత్రంతా నిద్రలేని పిల్లవాడు పొద్దున మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటాడు చెప్పండి.

వేరే బడి పెడితే సరిపోతుందా అంటే, ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1995లోనే చట్టం చేసింది, ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ తరగతి నుంచి తీసేసిన పిల్లల కోసం వేరే బడి నడపాలని. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లకి డీఏఈపీ అంటే తెలుసు, ఆ వేరే బడికి అక్కడి పేరు అదే. మంచి ఏమిటంటే పిల్లవాడు గాలికి పోడు, ఎక్కడో ఒకచోట పేరు ఉంటుంది. చెడు ఏమిటంటే, పంపడానికి ఒక చోటు ఉంది కదా అని చిన్న చిన్నవాటికి కూడా పంపడం సులువైపోతుంది. 2023లో ఈ-సిగరెట్‌తో దొరికితే తప్పనిసరిగా అక్కడికి పంపాలన్నారు, ఆ బడులు నిండిపోయాయి, 2025లో మొదటిసారి దొరికినవాళ్ల విషయంలో సడలించుకున్నారు. అదే రాష్ట్రంలో 2011లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు పది లక్షల మంది ఏడో తరగతి పిల్లల్ని కనీసం ఆరేళ్ల పాటు రికార్డుల్లో వెంబడించారు. దాదాపు అరవై శాతం మంది ఒక్కసారైనా సస్పెండ్ అయ్యారు లేదా తీసివేయబడ్డారు. అందులో చట్టం తప్పనిసరిగా చేయమన్న శిక్షలు మూడు శాతమే. మిగతావన్నీ స్కూళ్లు తమంతట తాము వేసినవి. అలా శిక్ష పడినవాళ్లలో ముప్పై ఒక్క శాతం మంది కనీసం ఒక్కసారి అదే తరగతి మళ్లీ చదివారు, పడనివాళ్లలో ఐదు శాతం మంది.

అందుకే మనం పెట్టుకునే చోటుకి గేటు రెండు వైపులా తెరుచుకోవాలి. వచ్చిన రోజే తిరిగి వెళ్లే తేదీ రాసుకోవాలి. పిల్లవాడి పేరు పాత స్కూలు రిజిస్టర్‌లోనే ఉండాలి, టెన్త్ నామినల్ రోల్ ఆ స్కూలు నుంచే వెళ్లాలి. ఇది నాకు చాలా ముఖ్యం. పేరు ఉన్నంతకాలం ఆ హెడ్మాస్టర్‌కి వాడు తనవాడు. పేరు పోయిందా, ఇక వాడిని ఎవరూ అడగరు. ఇంగ్లండ్‌లో స్కూలు నుంచి శాశ్వతంగా తీసేస్తే ఆరో రోజు నుంచి పిల్లవాడికి పూర్తిస్థాయి చదువు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. మనకీ అలా ఒక గడువు, ఒక పేరు కావాలి. ఈ మండలంలో ఈ పిల్లవాడికి ఫలానా రోజు లోపల ఫలానా అధికారి చోటు చూపించాలి అని.

పెద్ద ఖర్చు అక్కర్లేదండి. పిల్లలు తగ్గిపోయి ఖాళీగా ఉన్న ప్రాథమిక పాఠశాల గదులు ప్రతి మండలంలో ఉన్నాయి. పదిహేను మందికి మించకుండా పిల్లలు, ఇద్దరు టీచర్లు. అందులో ఒకరు తెలుగు, లెక్కలు అడుగు నుంచి చెప్పగలిగినవాళ్లు. మధ్యాహ్న భోజనం మామూలుగానే. సగం రోజు చదువు, సగం రోజు చేతిపని, ఆట. శిక్షగా పంపిన టీచర్ని మాత్రం అక్కడ వేయొద్దు, ఇష్టపడి వచ్చినవాళ్లనే వేయాలి, మన డిపార్ట్‌మెంట్‌లో అలాంటివాళ్లు ఉన్నారు, అడిగితే వస్తారు. పాత స్కూలు నుంచి క్లాస్ టీచర్ వారానికి ఒకసారి వచ్చి కనపడాలి. కనపడితే చాలు, పాఠం చెప్పకపోయినా పర్వాలేదు.

ఇక టీచర్ల మాట. నన్ను చూసి "మీరు రిటైరై మాట్లాడుతున్నారు సార్, మా క్లాసులో యాభై మంది ఉన్నారు, ఒక్కడి కోసం నలభై తొమ్మిది మందిని వదిలేయాలా" అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దెబ్బ తిన్న పిల్లవాడికి కూడా హక్కు ఉంది, భయపడుతున్న అమ్మాయికి హక్కు ఉంది, టీచర్‌కి భద్రత కావాలి. కత్తి తెచ్చినవాడిని, తోటి పిల్లని వేధించినవాడిని మర్నాడు అదే బెంచీలో కూర్చోబెట్టమని నేను అనను. తప్పకుండా పక్కకి తీయాలి, లైంగిక వేధింపు అయితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. కానీ పక్కకి తీయడానికి చోటు లేకపోబట్టే మీరు ఒకటి భరించడం, లేకపోతే టీసీ, ఈ రెంటి మధ్య నలిగిపోతున్నారు. మూడో చోటు ఉంటే మీకూ మేలే. పోలీసు కేసు అయిన పిల్లవాడి విషయంలో కూడా జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ఆ కారణంగా అనర్హత అంటగట్టకూడదు అంటోంది. గంజాయి కేసులో దొరికాడు కాబట్టి మా స్కూల్లో చోటు లేదు అనే మాటకి అర్థం, గంజాయి అమ్మేవాడి దగ్గర చోటు ఉంది, అక్కడికి పో అనడమే.

అన్నట్టు టీసీలో కండక్ట్ అనే గడి. అక్కడ ఒక ముక్క అటూ ఇటూ రాస్తే తర్వాతి స్కూలు తలుపు వేసేస్తుంది. కోపంలో ఆ గడి నింపకండి. రెండు రోజులు ఆగి నింపండి.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులు ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. మీరు చేయగలిగింది చాలా ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ల కమిటీల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వచ్చే మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగండి, గత ఏడాది ఈ స్కూలు నుంచి టీసీ తీసుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? జాబితా పెట్టమనండి. హెడ్మాస్టర్‌ని నిలదీయడానికి కాదు, ఆయనకి కూడా ఆ జాబితా చూసే తీరిక ఉండదు. జాబితాలో ఎవరి పేరు పక్కన స్కూలు లేదో ఆ ఇంటికి మీలో ఇద్దరు వెళ్లండి.

ఎవరో చెయ్యి ఎత్తారు... చెప్పండమ్మా. మైకు ఇవ్వండి ఆవిడకి.

(ఒక తల్లి: మావాడికి తొమ్మిదిలో డిసెంబరులో టీసీ ఇచ్చేశారు సార్. కొట్లాట అయ్యింది. ఏ స్కూలుకి పోయినా సంవత్సరం మధ్యలో తీసుకోం అంటున్నారు. ఇప్పుడు వాళ్ల మామతో టైల్స్ పనికి పోతున్నాడు. ఓపెన్‌లో కట్టమంటున్నారు అందరూ.)

వయసెంతమ్మా? పద్నాలుగున్నర. ఓపెన్ ఇప్పుడే వద్దమ్మా. అది ఎక్కడికీ పోదు, తర్వాత కావాలంటే ఉంటుంది. ముందు మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లండి. నోటిమాటగా అడగొద్దు, తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వమనండి. ఆ కాగితం పట్టుకుని ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, ఆఫీసుకి వెళ్లండి. పాత స్కూలు వాళ్లు ఆన్‌లైన్‌లో బాబు పేరు తీసేశారా లేదా అన్నది కూడా చూడాలి, వాళ్లు తీయకపోతే కొత్త స్కూలు చేర్చుకున్నా పోర్టల్‌లో ఎక్కదు, అప్పుడు మళ్లీ మిమ్మల్నే తిప్పుతారు. ఫీజు బాకీ ఉందా? ఉన్నా సరే, బాకీ సంగతి మీకూ వాళ్లకీ మధ్య, పిల్లవాడి పేరు ఆపడానికి అది కారణం కాదు. ఎవరైనా ఆపితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. బాబు రాత్రిళ్లు నిద్రపోకపోయినా, ఊరికే కోపం తెచ్చుకుంటున్నా 14416 అని టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబర్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మామకి కూడా చెప్పండి, పని ఆదివారం పూట నేర్చుకోనీ, వద్దనను. మిగతా రోజులు మాత్రం బడికి రానివ్వండి. అన్నట్టు మన ఎంఈఓ గారు ఇక్కడ ముందు వరుసలోనే ఉన్నారు. సార్, ఒకసారి ఈ అమ్మతో మాట్లాడండి దయచేసి. అమ్మా, బాబు ఆధార్ జిరాక్సు, టీసీ, ఎనిమిదో తరగతి మార్కుల కార్డు సోమవారం పొద్దున పట్టుకుని రండి, బాబుని కూడా వెంట తీసుకురండి. నేను పదింటికి ఆఫీసు దగ్గర ఉంటాను.